ఇంద్రజ చేతి మీది బిళ్ళ

మసీదులో ఒంటిగంట అజా మొదలైంది, నేను సూది దించాను. పద్నాలుగు యూనిట్లు. నిన్నటిదాకా పది, ఇవాళ పొద్దున డాక్టరు నాలుగు పెంచాడు, పెంచితే పెంచనీ, పొట్ట నాదే కదా, అడ్డం చెప్పేవాళ్ళెవరు. మా ఇంట్లో గడియారం కన్నా అజాకే విలువ ఎక్కువ. శాలిబండలో మా ఇత్తడి సామాన్ల దుకాణానికి అటూ ఇటూ ఉన్నవాళ్ళంతా నమాజుకు లేస్తారు, బేరాలు సద్దుమణుగుతాయి, మా ఆయనా మా మరిదీ షట్టరు సగం దించి అన్నానికి ఇంటికొస్తారు. నేను కాపురానికి వచ్చిన ముప్పై నాలుగేళ్ళుగా ఇదే నడక. అందుకే భోజనానికి అరగంట ముందు సూది వేసుకోవాలని డాక్టరు చెప్పినప్పుడు నేను బుర్ర బద్దలు కొట్టుకోలేదు. మా ఇంట్లో భోజనం ఒంటిగంటన్నరకు, అజా ఒంటిగంటకు, అజా వినపడగానే సూది, ఇంతకన్నా తేలిక ఏముంది. సూదికి మూత బిగించి వంటింట్లోకి వచ్చేసరికి నా తోటికోడలు ఇంద్రజ ఫోను మోగింది. అది లేచింది, చేతులు కడుక్కుంది, పళ్ళెం తీసుకుంది, గిన్నె మూత తీసి రెండు గరిటెల అన్నం, ఒక గరిటె పప్పు, గుప్పెడు బీరకాయ కూర పెట్టుకుని కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. మగవాళ్ళు ఇంకా గడప తొక్కలేదు. నేను చారు పోపు పెడుతూ, చూడకూడదు చూడకూడదు అనుకుంటూనే చూశాను.

నాకు కుళ్ళు. సిగ్గెందుకు, ఉన్నమాటే. నాకు షుగరు వచ్చి పంతొమ్మిదేళ్ళు, దానికి వచ్చి మూడేళ్ళు, అయినా మర్యాదలన్నీ దానికే. దాని కూతురు కీర్తిప్రియ ఫార్మసీ చదివి ఏదో మందుల కంపెనీలో చేరింది, చేరీ చేరగానే వాళ్ళమ్మకు వారానికొక్క సూది రాయించింది. వారానికొక్కటి! నేను రోజుకు మూడుసార్లు పొడుచుకుంటుంటే అది ఆదివారం ఆదివారం, తలంటి పోసుకున్నట్టు, ఒక్కటి వేసుకుని వారమంతా మహారాణిలా తిరుగుతుంది. మొదటి నెల దానికి అదే పనిగా వాంతులయ్యాయి, నేనే నిమ్మకాయ నీళ్ళు కలిపిచ్చాను, వీపు నిమిరాను, నిమురుతూ లోపల కాస్త సంతోషపడ్డాను కూడా, దేవుడు చూసే ఉంటాడు. తర్వాత వాంతులు ఆగాయి, ఆకలి తగ్గింది, నడుము తగ్గింది, బిడ్డ పుట్టకముందు కుట్టించుకున్న జాకెట్లు మళ్ళీ పడుతున్నాయి. అవన్నీ ఒక ఎత్తు, చేతి మీది బిళ్ళ ఒక ఎత్తు. రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దది, తెల్లగా, వంకీ పెట్టుకునే చోట అతుక్కుని ఉంటుంది. దాన్నుంచి వెంట్రుకంత తీగ చర్మంలోకి దిగి, ఒంట్లో షుగరు ఎంతుందో పొద్దస్తమానం ఫోనుకు చెబుతూ ఉంటుందట, ఆ ఫోను నుంచి కూతురి ఫోనుకు. ఇక్కడ ఇది అరటిపండు తింటే మాదాపూర్‌లో కూర్చున్న పిల్లకు తెలిసిపోతుంది. ఒంటిగంటకు తినమ్మా అని ఆ పిల్ల ఫోనులో గంట పెట్టింది, ఆ గంట ముందు ఈ ఇంటి రివాజు, అత్తగారి ఆన, అన్నీ గాలికి పోయాయి. ఎవ్వరూ నోరెత్తలేదు. షుగరు మనిషి కదా పాపం అన్నారు. నేను మాత్రం ఉప్పు మనిషినా?

నా కడుపు ఎప్పుడు నిండుతుందో ఎప్పుడు ఎండుతుందో ఏ ఫోనూ మోగదు. కందిపప్పు ఎంత పోసిందీ, గ్యాసు బండ ఎప్పుడు మార్చిందీ అడుగుతారు కానీ వరమ్మ తిన్నదా అని అడగరు, ఎందుకంటే వరమ్మ చివర్న తింటుంది, అది అందరికీ తెలిసిన సంగతి, సూర్యుడు పడమట కుంకుతాడా అని ఎవరైనా అడుగుతారా. ఇవాళ పొద్దున నేనే నోరు తెరిచి అడిగాను. నేనూ ఇంద్రజా ఒకే ఆటోలో డాక్టరు దగ్గరికి వెళ్ళాం, మా ఆయన పురుషోత్తం ముందు సీట్లో. పరగడుపున ఒకసారి, ఇడ్లీ తిన్న రెండు గంటలకు మరోసారి నెత్తురిచ్చి కూర్చున్నాం. లోపలికి పిలిచాక డాక్టరు మొదట ఇంద్రజ కాగితాలు చూశాడు, చూసి నవ్వాడు, ఫస్ట్ క్లాసు అన్నాడు, అది పిల్లలా తలవంచుకుని మురిసిపోయింది. నా కాగితం చూసి నవ్వలేదు. షుగరు మూడు నెలల సగటు పది దాటిందన్నాడు. అప్పుడు అన్నాను.

"నాకు గూడ అదే రాయుండ్రి సారూ. వారం సూది. ఆ బిళ్ళ గూడ."

కోప్పడలేదు, ఓపిగ్గానే చెప్పాడు. వారం సూది ఒంట్లో ఉన్న ఇన్సులిన్‌ను తట్టి లేపుతుందట, నా ఒంట్లో తట్టి లేపడానికి ఏమీ మిగల్లేదట, నెత్తురు పరీక్షలో తేలిందట. మాత్రల దారి ఎప్పుడో దాటొచ్చాను, నడుముకు కట్టుకునే యంత్రం ఒకటుంది కానీ అది అందరికీ సరిపడదు, నాకు మూడు పూటల ఇన్సులినే దిక్కు అన్నాడు. విన్నారా, మందుల్లో కూడా దానికి కొత్త కోడలి హోదా, నాకు ముసలి ఎద్దు హోదా. అయితే బిళ్ళ మాట వచ్చేసరికి, నిజానికి అది ఆమె కన్నా మీకే ఎక్కువ అవసరం అన్నాడు. ఆ ఒక్క మాటకు నా ప్రాణం లేచొచ్చింది. ఇంద్రజ ముఖం వైపు చూశాను, అది తలూపుతోంది, ఔను ఔను అన్నట్టు, దానికేం పోయింది తలూపడానికి. మా ఆయన మాత్రం చూద్దాం సార్ అన్నాడు. ఆయన చూద్దాం అన్నవి మా ఇంట్లో చాలా ఉన్నాయి, ఏవీ ఇంతవరకు చూడలేదు. అక్కడితో ఊరుకున్నాడా, కుర్చీ ముందుకు జరుపుకుని మరీ చెప్పాడు.

"తీపి మానుతలేదు సార్. ఎప్పుడు జూసినా బెల్లం డబ్బకాడనే ఉంటది."

డాక్టరు నావైపు తిరిగాడు. ఇంట్లో మరిది ముందు దొరికిపోయినా ఇంత సిగ్గుండేది కాదు కానీ, తోటికోడలు చూస్తుండగా తెల్లకోటు వేసుకున్న పరాయి మనిషి ముందు నన్ను దొంగను చేశాడు మా ఆయన. తింటాను, నిజమే. వడ్డనలు సగంలో ఉండగా కాళ్ళు తేలిపోతాయి, గుండె దడదడలాడుతుంది, చెయ్యి దానంతటదే డబ్బాలోకి పోతుంది. అది జిహ్వ చాపల్యం కాదని ఎలా చెప్పను, నాకే తెలియదాయె, నీరసం అనుకుంటాను, వయసు అనుకుంటాను. భోజనానికి అరగంట ముందే వేసుకుంటున్నారా అని డాక్టరు అడిగాడు. వేసుకుంటున్న సార్ అన్నాను. అబద్ధం చెప్పలేదు. ఆయన చీటీ మీద పది కొట్టేసి పద్నాలుగు రాశాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఇంద్రజ నా చెవి దగ్గరకు వంగి, "అక్కా, నువ్వు తినేది మూడు గంటలకని డాక్టరుకు ఎందుకు చెప్పలే" అంది. నా తిండి సంగతి నీకెందుకే అన్నాను. ఇంటిదాకా ఇద్దరం చెరోవైపు రోడ్డు చూస్తూ కూర్చున్నాం. ఇంటికి రాగానే మా ఆయన చేసిన మొదటి పని, బెల్లం డబ్బా తీసి దుకాణానికి పంపించడం.

మూడు గంటలు. ఆ మాట దాని నోటినుంచి ఎందుకు రావాలి. మూడు గంటలు మా ఇద్దరివీ. మగవాళ్ళు తిని, మా అబ్బాయి శ్రవణ్ ఆలస్యంగా వచ్చి తిని, గిన్నెలు సర్ది, అప్పుడు నేనూ అదీ ఈ వంటింటి బండ మీద కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళం. ఇరవై ఆరేళ్ళు. అడుగున అంటిన అన్నం అది గీకి రెండు పళ్ళేల్లోకి తీసేది, నేను మామిడికాయ టెంక దానికి వేసేదాన్ని, దానికి టెంక ఇష్టం. అత్తగారు పడుకుని ఉండేది, గొంతు తగ్గించి నవ్వుకునేవాళ్ళం, ఎవరి చీర ఎవరిదని, పక్కింటి పెళ్ళిలో పప్పు మాడిందని, మా మరిది రవీందర్ గురక గురించి అది చెబుతుంటే నాకు పొలమారేది. ఉప్పుగూడలో మా పుట్టింటి పక్కన రైలు పోతుంటే మాటలు వినపడేవి కాదని నేను చెప్పిన కథే వందసార్లు చెప్పినా కొత్తగా వినేది. ఆ బిళ్ళ వచ్చిన రోజునుంచి నాలుగు నెలలుగా నేను ఒక్కదాన్నే కూర్చుంటున్నాను. అది వచ్చి పక్కన కూర్చుంటానంది, తిన్న మనిషి తినేవాళ్ళ పక్కన కూర్చుంటే దిష్టి అన్నాను, వెళ్ళిపోయింది. టెంక పారేస్తున్నాను. వారం సూది మీద కుళ్ళు, నడుము మీద కుళ్ళు, కూతురి మీద కుళ్ళు, అన్నీ నిజమే కానీ రాత్రిపూట నన్ను కొరికేది మాత్రం ఇదే, అది నన్ను వదిలి ముందు తినేసింది.

చెప్పుల చప్పుడు. వచ్చారు. కాళ్ళు కడుక్కుని ముందు గదిలో బల్ల ముందు కూర్చున్నారు, మా ఆయన గోడవైపు, రవీందర్ తలుపువైపు. ఇంద్రజ లేవబోయింది, కూర్చో తిను అన్నాను, మాటలో విషం ఉందని నాకే వినపడింది. అన్నం గిన్నె ఎత్తాను, ఇవాళ బరువుగా ఉంది. వడ్డించే చెయ్యి మగవాళ్ళు లేచేదాకా కడగకూడదని, ముద్ద ముట్టకూడదని మా అత్తగారు మాణిక్యమ్మ చెప్పింది, మొదటి రోజే చెప్పింది, ఇదే తలుపు దగ్గర నిలబడి. ఆవిడకూ షుగరే. అప్పుడు సూదులంటే చచ్చేంత భయం, కాకరకాయ రసం తాగింది, నేరేడు గింజల పొడి తిన్నది, పొడపత్రి ఆకు నమిలి నాలిక మొద్దుబారిందని, తీపి తెలుస్తుందో లేదోనని లడ్డూ తిని చూసుకుంది, ఎవరో చెబితే హకీం దగ్గరకు పోయి నల్లటి గోలీలు తెచ్చుకుంది. అన్నీ చేసింది, ఒక్క డాక్టరు చెప్పింది తప్ప. ఎడమ కాలి రెండు వేళ్ళు తీసేశాక కూడా కుర్చీలో కూర్చుని వడ్డించింది, కొడుకులు తిన్నాకే తిన్నది. ఆవిడ కోడలినని నాకు గర్వం. ఇంద్రజ కూడా ఆవిడ కోడలే, అది పళ్ళెం పట్టుకుని కిటికీ పక్కన కూర్చుని ముద్ద నములుతోంది, నిదానంగా, ముద్దకు ఇరవైసార్లు నమలాలట, కూతురు చెప్పిందట. నములు. గర్వం నాకు మిగిలింది, ముద్ద దానికి దక్కింది.

పప్పు వడ్డించాను. మెడ వెనకనుంచి చెమట, ఫ్యాను తిరుగుతూనే ఉంది, అయినా జాకెట్టు వీపుకు అతుక్కుంది. వంటింటి వేడి. రవీందర్ వదినా చారు అన్నాడు, చారు గిన్నె కోసం వెనక్కి తిరిగితే గది కాస్త ఆలస్యంగా తిరిగింది. పెదవులు మొద్దుబారుతున్నాయి, పొడపత్రి నేనేమీ నమల్లేదే. పద్నాలుగు. ఎదురింటి రాహేలు, సర్కారు ఆస్పత్రిలో ఆయాగా ముప్పై ఏళ్ళు చేసిన మనిషి, సూది వేసుకోవడం నేర్పిందే ఆమె. పొట్ట మీద చర్మం ఎలా పట్టుకోవాలో చూపించి, "సూది ఏస్కున్నంక పళ్ళెం ముందట ఉండాలె వరమ్మా" అంది. ఉందిగా రాహేలూ, రెండు పళ్ళేలున్నాయి నా ముందు, రోజూ ఉంటాయి, ఒకటి మా ఆయనది, ఒకటి మరిదిది. నవ్వొచ్చింది. నవ్వు కాదు, ఏదో వచ్చింది, ముఖం లాగినట్టయింది. చారు గిన్నె అంచు గ్లాసుకు తగిలి టకటకమంది, బల్ల మీద ఒలికింది. ఏందే చూసి పొయ్యి అన్నాడు మా ఆయన, తల ఎత్తకుండానే. చెయ్యి బెల్లం డబ్బా ఉండే చోటికి పోయింది. అక్కడ డబ్బా గుండ్రటి మరక మాత్రం ఉంది.

చక్కెర డబ్బా ఉంది. ఇంద్రజ తల పైన, కిటికీ పక్క గూట్లో, టీకి వాడే చక్కెర. మూడడుగులు. కానీ దాని తల మీదుగా చెయ్యి చాపాలి, అది చూస్తుండగా. పొద్దున డాక్టరు దగ్గర దొంగనైనది చాలదా, ఇప్పుడు మళ్ళీ దీని కళ్ళముందు దొరికిపోవాలా, ఫస్ట్ క్లాసు మనిషి, రేపు కూతురికి చెబుతుంది, పెద్దమ్మ చక్కెర బుక్కుతోందని. పోనీ. ప్రాణం పోనీ. గుండె కొట్టుకుంటున్నది చెవుల్లో వినపడుతోంది, రవీందర్లు ఇద్దరున్నారు, ఇద్దరూ అన్నం కలుపుతున్నారు, ఇంకా ఎవరు రావాలి, శ్రవణ్ రావాలి, శ్రవణ్ వచ్చి తిన్నాక, ఆ తర్వాత నేను, అప్పుడు టెంక, టెంక ఎవరికి. ఇంద్రజ చేతి మీద బిళ్ళ తెల్లగా మెరుస్తోంది. అది నా చేతి మీద ఉండి ఉంటే ఇప్పుడు మోగేది, ఎవరో ఒకరికి తెలిసేది, ఎక్కడో కూర్చుని ఎవరో ఒకరు వరమ్మా అనేవాళ్ళు. దాన్ని పీకేసుకోవాలనిపించింది. నిజంగానే రెండడుగులు వేశాను దానివైపు, చెయ్యి చాపి, ఆ బిళ్ళ వైపు. గరిటె జారి బండ మీద పడింది.

అది లేచింది. ఎంగిలి చేత్తోనే నా భుజం పట్టుకుంది, ఈ ఇంట్లో ఎంగిలి చెయ్యి పెద్దకోడలి మీద వెయ్యడం అంటూ ఉండదు, నెయ్యీ పప్పూ నా చీరకు అంటుకున్నాయి, నేను విదిలించుకున్నాను, ముట్టకు అన్నాను, లేదా అనబోయాను. ఎడమ చేత్తో గూట్లో చక్కెర డబ్బా లాగి, గ్లాసులోకి వంపి, నీళ్ళు పోసి, వేలితో తిప్పి నా పెదవులకు ఆనించింది. పళ్ళు బిగించాను. దాని చేతినుంచి తాగను. అది నా గడ్డం పట్టుకుంది, ఆ పట్టు గట్టిది, నీళ్ళు లోపలికి పోయాయి, మెడ మీదకు కారాయి, మళ్ళీ లోపలికి పోయాయి. గ్లాసు ఖాళీ అయ్యేదాకా వదల్లేదు. నన్ను తన కుర్చీలో కూలేసింది. అప్పటికి మా ఆయన చేతికి మెతుకులతో తలుపు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు, బెల్లం తీసేసినా బుద్ధి రాలేదా అన్న ముఖంతో, ఆ ముఖం నాకు ముప్పై నాలుగేళ్ళుగా తెలుసు.

ఇంద్రజ ఆయనకు ఎదురుగా నిలబడి ఎప్పుడూ మాట్లాడలేదు. తల మీద కొంగు లాక్కుని, గోడవైపు చూస్తూ చెప్పింది.

"బావా, అక్క సూది ఏస్కునేది ఒంటిగంటకు. తినేది మూడింటికి. అది బెల్లం తినుడు గాదు, పానం నిలవెట్టుకునుడు."

రవీందర్ ఫోను తీసి డాక్టరుకు కలుపుతున్నాడు, పద్నాలుగు అని చెబుతున్నాడు, ఏమీ తినలేదు అని చెబుతున్నాడు. నాకు మెల్లగా చెవులు తెరుచుకుంటున్నాయి. ఒంటిగంటకు, మూడింటికి. అంతే. పంతొమ్మిదేళ్ళ జబ్బు ఇంత చిన్న మాటలో ఇమిడి ఉంది, అది కూడా నా నోట రాలేదు, నా ఆకలి సంగతి కూడా అదే చెప్పేసింది. ఆయన మెతుకుల చెయ్యి వైపు చూసుకున్నాడు. ఏదో అనాలి కాబట్టి అన్నట్టు, "శ్రవణ్ ఇంక రాలే కదనే" అన్నాడు.

"వాడొచ్చి వాడే పెట్టుకుంటడు" అంది ఇంద్రజ.

చేతులు కడుక్కుని, కొత్త పళ్ళెం తీసి, అన్నం గిన్నె నడుమనుంచి రెండు గరిటెలు పెట్టి పప్పు పోసి నా ఒళ్ళో పెట్టింది. మా ఆయన అక్కడే నిలబడ్డాడు, రవీందర్ ఫోనులోనే ఉన్నాడు, ఇద్దరి పళ్ళేల్లోనూ అన్నం సగం సగం ఉంది. వాళ్ళు చూస్తుండగా నేను ఎన్నడూ తినలేదు. తినకపోతే అది మళ్ళీ గడ్డం పట్టుకుంటుంది. వేళ్ళు పెట్టి కలిపాను, వేళ్ళు చురుక్కుమన్నాయి, ముద్ద నోట్లో పెట్టుకున్నాను. పప్పు మెతుకులోకి దిగింది, మెతుకు నాలిక మీద విడిపోయింది, కంది వాసన, నెయ్యి వాసన. నా చేత్తో వండిన అన్నమే. మూడింటికి అది చల్లబడి, గడ్డకట్టి, గీకితే తప్ప రాదు. ఈ ఇంటి బియ్యమే అంత అనుకున్నాను, ముప్పై నాలుగేళ్ళుగా, కొట్టువాడు పాత బియ్యమని చెప్పి మోసం చేస్తున్నాడనుకుని వాణ్ణి తిట్టుకున్నాను కూడా. రెండో ముద్ద పెట్టుకున్నాను. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, వేడికో దేనికో, తుడుచుకోలేదు. ఇంద్రజ నా ముందు గొంతుక్కూర్చుని నా నోటివైపే చూస్తోంది.

"నాలుగు నెలల సంది గిది తింటున్నవా" అన్నాను.

అది తలూపింది.

"ఒక్కనాడు గూడ నాకు చెప్పలే."

అది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడవనీ. నా కుళ్ళు ఇంకా తగ్గలేదు, అంత తేలిగ్గా తగ్గేదీ కాదు. పళ్ళెం దాని ముందుకు జరిపి, ఇంకో గరిటె పెట్టమన్నాను.